కంచంలోని తిండి ఎక్కడిదని అడిగిన రాచబిడ్డ

నవంబరు 2న సమాధుల పండుగ ముగిసి, గోరీలపై కొవ్వొత్తుల మైనపు మరకలు ఇంకా మాయకముందే కతోలిక పంచాంగంలో మరొక స్మరణదినం వస్తుంది. నవంబరు 17న హంగేరీ దేశపు పునీత ఎలిజబెతమ్మ ఉత్సవం. గుణదల మాత ఉత్సవాల వలె లక్షలాది యాత్రికులు, అంగళ్ల బారులు ఈ పండుగకు ఉండవు. చాలా విచారణలలో ఉదయపు దివ్యబలిపూజలో నామస్మరణతోనే ఆ రోజు గడిచిపోతుంది. అయితే ఇల్లు వాకిలి విడువకుండా, మఠంలో చేరకుండా, అస్సీసిపురి ఫ్రాన్సీసువారి అడుగుజాడలలో నడిచే గృహస్థుల సమాజానికి, అనగా ఫ్రాన్సిస్కన్ మూడవ సభకు, ఈమె పాలక పునీతురాలు. రోగులకు పరిచర్య చేసేవారు, రొట్టెలు కాల్చేవారు సైతం ఆమెను తమ పాలకురాలిగా భావిస్తారు.

ఎలిజబెతమ్మ అని పేరు పెట్టుకున్న ఆడపడుచులు మన పల్లెలలో కొల్లలుగా ఉన్నారు. వారిలో అనేకులకు ఆ పేరు స్నాపక యోహాను తల్లిని బట్టి వచ్చినది. ఈ ఎలిజబెతమ్మ వేరు. ఈమె పదమూడవ శతాబ్దపు రాకుమార్తె. దేవాలయాలలో కనిపించే ఆమె పటాలలో ఒడి నిండా గులాబీలు ఉంటాయి. పేదల కోసం రొట్టెలు రహస్యంగా తీసుకుపోతూ పట్టుబడగా, ఒడి విప్పి చూస్తే రొట్టెలకు బదులు గులాబీలు కనిపించాయన్నది ఆ చిత్రానికి మూలమైన కథ. కథ మనోహరమైనదే. కానీ ఆమెను దగ్గర నుండి చూసిన పరిచారికల వాఙ్మూలంలో ఈ ఉదంతం లేదు. ఆమె మరణానంతరం చాలాకాలానికి ప్రచారంలోకి వచ్చింది. ఆమె వంశంలోనే పుట్టి, ఆమె పేరే పెట్టుకున్న పోర్చుగల్ రాణి ఎలిజబెతమ్మ విషయంలోనూ ఇదే కథ చెబుతారు. పరిచారికలు చెప్పిన సంగతులలో గులాబీల కంటె ముళ్లే ఎక్కువ. అవి తెలియవలసినంతగా తెలియలేదు.

నాలుగేళ్ల వయస్సులో అత్తవారింటికి

ఎలిజబెతమ్మ 1207లో జన్మించారు. తండ్రి హంగేరీ రాజు రెండవ ఆండ్రూ, తల్లి గెర్ట్రూడు. జర్మన్ భూములలోని తురింగియా సంస్థానాధిపతి కుమారునితో ఆమెకు చిన్ననాడే వివాహం నిశ్చయమైంది. 1211లో, నాలుగేళ్ల ప్రాయంలో, పసిపాపను ఆ సంస్థానానికి తరలించారు. అత్తవారి ఆచారాలు, భాష అలవడాలని కోడలిని పసితనంలోనే తెచ్చుకుని పెంచుకోవడం నాటి రాజవంశాలలో పరిపాటి. తల్లి ముఖం ఆమె మళ్లీ చూడలేదు. 1213లో హంగేరీలో ప్రభువర్గాల కుట్రకు ఆ రాణి బలైపోయింది. 1216లో పెళ్లికుమారుడు కూడా మరణించాడు. చివరకు అతని తమ్ముడు లుడ్విగుకు ఆమెను ఇచ్చి 1221లో పెళ్లి చేశారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు, అతనికి ఇరవై.

వారి నివాసాలలో ప్రధానమైనది ఐసెనాక్ పట్టణం పైనున్న వార్ట్‌బర్గ్ కోట. మామగారు హెర్మన్ ప్రభువు కవిపోషకుడు. జర్మన్ భాషలో నాటి మేటి కవులు ఆ సభలో ఆతిథ్యం పొందారు. విందులు, వేటలు, గానసభలతో కళకళలాడే ఆ కోటలో పెరిగిన బాలిక దేవాలయంలో శిలువ ఎదుట తలపైని కిరీటం తీసి కింద పెట్టేదని, ముళ్లకిరీటం ధరించిన ప్రభువు ముందు తాను రత్నకిరీటంతో నిలువలేనని అత్తగారితో వాదించేదని చెబుతారు. అత్తగారికి ఇది నచ్చలేదు. ఇటువంటి పిల్లను పుట్టింటికి పంపివేయాలన్న మాట కూడా దివాణంలో నడిచింది. లుడ్విగు మాత్రం ఆమె పక్షాన నిలిచాడు. రాచ వివాహాలు రాజ్యాల లెక్కల ప్రకారం జరిగే ఆ కాలంలో ఈ ఇద్దరి మధ్య నిజమైన అనురాగం ఉండేదని అందరూ ఒప్పుకున్నారు. విందులో భర్త పక్కన భార్య కూర్చోవడం నాటి మర్యాద కాకపోయినా ఆమె ఆయన పక్కనే కూర్చునేవారట. రాత్రివేళ ఆమె లేచి నేలపై మోకరిల్లి ప్రార్థిస్తుంటే ఆమె చేయి పట్టుకునే ఆయన నిద్రించేవాడు. వారికి ముగ్గురు బిడ్డలు కలిగారు.

విందులో పస్తు

1225 ప్రాంతంలో ఫ్రాన్సీసువారి సోదరులు ఐసెనాక్ చేరుకున్నారు. వట్టికాళ్లతో నడిచే ఆ బిచ్చగాళ్ల సమూహాన్ని ఆమె ఆదరించారు. ఫ్రాన్సీసువారిని ఆమె కన్నులారా చూడలేదు. ఆయన 1226 అక్టోబరులో అస్సీసిలోనే కన్నుమూశారు. అయినా ఆయన మాట ఆల్ప్స్ పర్వతాలు దాటి వచ్చి ఆమెను పట్టుకుంది. 1226లోనే మార్‌బర్గుకు చెందిన కాన్రాడ్ అనే గురువు ఆమెకు పాపసంకీర్తన గురువుగా కుదిరాడు. మహాపండితుడు, నిరాడంబరుడు, కఠినాత్ముడు. ఇతడు ఆమెకు విధించిన మొదటి నియమాలలో ఒకటి చరిత్రలో అపురూపమైనది. అన్యాయంగా వసూలు చేసిన సొమ్ముతో వచ్చిన ఆహారాన్ని ఆమె ముట్టరాదు.

దీని భావం పల్లెవాసులకు వివరించి చెప్పనక్కరలేదు. కోటలోకి వచ్చే ధాన్యం, మాంసం, మద్యం రైతుల నుండి, మఠాల నుండి వస్తాయి. అందులో న్యాయమైన శిస్తు ఎంత, అధికారులు బలవంతంగా గుంజినది ఎంత? ఈ ప్రశ్నను ఒక సంస్థానాధీశుని భార్య ప్రతి పూటా విస్తరి ముందు అడగడం మొదలుపెట్టారు. వడ్డించే వంటకం ఏ ఊరి నుండి, ఏ పద్దు కింద వచ్చినదో అధికారులను, వంటవారిని విచారించేవారు. భర్త సొంత భూముల నుండి న్యాయంగా వచ్చినదైతే తినేవారు. లేకుంటే రొట్టె ముక్కలను విరుస్తూ, పక్కవారికి వడ్డిస్తూ, తింటున్నట్లు కనిపిస్తూ పస్తుతో లేచేవారు. కొన్ని పూటల తిండి సక్రమమైనదై పానీయం కాకపోయేది, కొన్ని పూటల పానీయం సక్రమమైనదై తిండి కాకపోయేది. ఈ పూట తినడమే గాని తాగడం లేదని, మరొక పూట తాగడమే గాని తినడం లేదని చెలికత్తెలకు చెప్పేవారు. రెండూ సక్రమమైనవని తెలిసిన రోజున చిన్నపిల్ల వలె చప్పట్లు కొట్టేవారని పరిచారికలు గుర్తు చేసుకున్నారు. వారూ ఆమెతో పాటు ఈ నియమం పాటించారు. లుడ్విగు దీనికి అడ్డు చెప్పలేదు. పరివారం ఏమనుకుంటుందోనన్న జంకు లేకుంటే తానూ పాటించేవాడినని అన్నాడట. ఎవరికి ఎంత ధైర్యం ఉంటుందో ఆ మాట చెబుతుంది.

ధనవంతులు దానం చేయడం లోకంలో కొత్త కాదు. చేసే దానం ఎవరి కష్టం నుండి వచ్చినదని విచారించిన దాతలు అరుదు. ఎలిజబెతమ్మను తక్కిన రాచ దాతల నుండి వేరు చేసేది ఈ విచారణేనని ఈ విలేఖరి అభిప్రాయం.

కరవులో కొడవళ్లు

1226లో తురింగియాను తీవ్రమైన కరవు పట్టింది. లుడ్విగు అప్పుడు చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ కొలువు పనిపై ఇటలీలో ఉన్నాడు. పాలన ఎలిజబెతమ్మ చేతిలో ఉంది. వయస్సు పందొమ్మిది. ఆమె సంస్థానపు గాదెలు తెరిపించారు. రోజూ కోట వాకిట వందలాది మందికి ఆహారం పంచారు. కొండ ఎక్కలేని బలహీనుల కోసం దిగువన ఇరవై ఎనిమిది పడకల ఆస్పత్రిని ఏర్పరచి, రోజుకు రెండు మార్లు తానే దిగివచ్చి రోగులను చూసేవారు. దుర్గంధం భరించలేక చెలికత్తెలు ముక్కు మూసుకున్నా ఆమె మాత్రం రోగుల పుండ్లు కడిగి, ముఖాలు తుడిచేవారు. తల్లులు లేని పసివారిని చేరదీసి మట్టిబొమ్మలు, గాజు ఉంగరాలు కొని ఇచ్చేవారు.

కొత్త పంట చేతికొచ్చే వేళకు ఆమె చేసిన పని రైతు కుటుంబాలవారు మెచ్చదగినది. ఒళ్లు వంచి పని చేయగలవారిని పిలిచి ఒక్కొక్కరికి చొక్కా, చెప్పులు, కొడవలి ఇచ్చి కోతలకు పంపారు. మోకాటి ఎత్తు మోళ్లలో నడిచేవారికి కాళ్లు కోసుకుపోకుండా చెప్పులు కావాలని, కోతకు కొడవలి కావాలని, ఆకలి తీరిన మనిషికి తర్వాత కావలసినది కూలి పని అని కోటలో పెరిగిన పిల్లకు ఎవరు చెప్పారో గాని, చేసినది మాత్రం అదే. పని చేయలేనివారికి బట్టలు కొనిచ్చారు.

లుడ్విగు తిరిగి రాగానే అధికారులు ఎదురేగి గాదెలు ఖాళీ అయ్యాయని ఫిర్యాదు చేశారు. కోటలు తన చేతిలో మిగిలి ఉన్నంతవరకు ఆమె చేసే దానాలకు అడ్డు పడవద్దని ఆయన వారిని వారించాడు.

వైధవ్యం, వెలివాటు

ఆ సంతోషం ఎంతో కాలం నిలువలేదు. చక్రవర్తి తలపెట్టిన క్రూసేడు యాత్రకు లుడ్విగు రహస్యంగా దీక్ష పట్టాడు. భార్య గర్భవతి కావడంతో చెప్పలేక దీక్షా చిహ్నమైన శిలువను సంచిలో దాచుకున్నాడు. ఆమె అది చూసి మూర్ఛపోయారు. 1227 జూన్‌లో బయలుదేరిన లుడ్విగు, ఓడ ఎక్కే రేవు పట్టణం ఒట్రాంటోలో జ్వరంతో 1227 సెప్టెంబరు 11న మరణించాడు. కబురు తురింగియా చేరేసరికి ఎలిజబెతమ్మ మూడవ బిడ్డ గెర్ట్రూడును ప్రసవించి బాలింతగా ఉన్నారు. లోకమంతా తనకు చచ్చిపోయిందని ఆమె కోట నడవల్లో పరుగులెత్తి విలపించారు.

ఆ చలికాలంలోనే ఆమె కోట విడిచారు. మరిది హెన్రీ, అతని అనుయాయులు ఆమె ఆస్తిని స్వాధీనం చేసుకుని వెళ్లగొట్టారని పరిచారికల మాట. మనోవర్తి భూములు పోయాక కోటలో తినదగిన సక్రమమైన ఆహారమే లేకపోవడంతో ఆమె తానే బయటికి వచ్చారని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఈ రెండూ ఒకే సంగతికి రెండు వైపులుగా తోస్తాయి. న్యాయంగా తనదైన భూమి లాక్కున్నాక, అన్యాయపు కూడు తిననని పట్టుబట్టిన మనిషికి ఆ ఇంట్లో చోటెక్కడిది?

ఆ రాత్రి ఆమెకు ఐసెనాక్ పట్టణంలో ఒక పూటకూళ్ల ఇంటి ఆవరణలోని కొట్టంలో తలదాచుకోవలసి వచ్చింది. అంతకుముందు అందులో పందులు ఉండేవి. అర్ధరాత్రి ప్రార్థనల వేళకు ఆమె ఫ్రాన్సిస్కన్ సోదరుల గుడికి వెళ్లి, తన కష్టానికి కృతజ్ఞతా స్తోత్రం పాడవలసిందిగా కోరారు. ప్రభువుల ఆగ్రహానికి వెరచి ఊరిలో ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. ఒకనాడు బురద సందులో రాళ్లపై అడుగులు వేస్తూ వెళుతుండగా, పూర్వం ఆమె చేతి సాయం పొందిన ఒక ముసలమ్మ ఎదురై దారి ఇవ్వక బురదలోకి నెట్టివేసింది. ఎలిజబెతమ్మ లేచి, నవ్వుతూ బట్టలు ఉతుక్కున్నారు.

మేనమామ బాంబెర్గ్ పీఠాధిపతి ఆమెకు మళ్లీ పెళ్లి చేయాలని చూశారు. బలవంతం చేస్తే ముక్కు కోసుకుని వికృతరూపినవుతానని ఆమె ఎదురు తిరిగారు. ఇంతలో లుడ్విగు అస్థికలు స్వదేశం చేరాయి. ఆ అస్థికల ముందు ఆమె భర్తను ప్రపంచమంతటి కంటె మిన్నగా ప్రేమించానని, అయినా దైవసంకల్పానికి విరుద్ధంగా ఒక్క వెంట్రుక ఇచ్చి కూడా తిరిగి కోరనని చెప్పుకున్నారు.

1228 పవిత్ర శుక్రవారం నాడు ఐసెనాక్‌లోని ఫ్రాన్సిస్కన్ గుడిలో, వస్త్రాలు తొలగించిన బలిపీఠంపై చేతులు ఉంచి, ఆమె బంధువులను, బిడ్డలను, స్వంత సంకల్పాన్ని, లోకవైభవాన్ని పరిత్యజించారు. ఆస్తిని కూడా వదులుకోబోగా కాన్రాడ్ అడ్డుకున్నాడు. భర్త అప్పులు తీర్చాలి, పేదలకు ఇవ్వాలి, అందుకు ఆస్తి ఉండాలన్నది అతని వాదన. ఈ ఒక్క విషయంలో అతని తీర్పు సరైనదే. అతని పూనిక వల్లనే మనోవర్తి కింద సుమారు రెండు వేల వెండి మార్కులు, మార్‌బర్గులో జీవితకాలం అనుభవించడానికి భూమి ఆమెకు లభించాయి.

మార్‌బర్గులో మూడేళ్లు

1228లో ఆమె మార్‌బర్గు చేరి, ఊరి వెలుపల ఫ్రాన్సీసువారి పేర ఆస్పత్రి కట్టించారు. ఫ్రాన్సీసువారిని పునీతుడిగా ప్రకటించినది ఆ ఏడాదిలోనే. బూడిదరంగు ముతక వస్త్రం ధరించి ఆమె అందులో సేవకురాలయ్యారు. మఠంలో చేరలేదు. మూడవ సభ నియమావళికి పోపు నాలుగవ నికోలసు ఆమోదముద్ర వేసినది 1289లో. అందుచేత ఎలిజబెతమ్మ ఆ సభలో లాంఛనంగా చేరారా లేదా అన్న చర్చ పండితులలో ఉన్నది. అయితే మఠపు గోడల వెలుపల, జనం మధ్య, దీక్షతో బతకడం ఎట్లాగన్న ప్రశ్నకు ఆమె జీవితం జవాబైనందున సభవారు ఆమెను తమ తల్లిగా స్వీకరించారు.

చేతికి వచ్చిన సొమ్ములో ఐదు వందల మార్కులను ఒక్కరోజున పేదలకు పంచారు. సాయంత్రానికి బలవంతులు వెళ్లిపోయి, వృద్ధులు, రోగులు ఆస్పత్రి ఆవరణలోనే మిగిలారు. వెన్నెల రాత్రి. వారికి మళ్లీ నాణేలు ఇప్పించి, రొట్టె పంచి, చలి కాచుకోవడానికి మంటలు వేయించి, కాళ్లు కడిగించారు. పేదలు పాటలు ఎత్తుకున్నారు. మనుషులను సంతోషపెట్టాలని ముందే చెప్పలేదా అని ఆమె పరిచారికల వైపు తిరిగి మురిసిపోయారు.

ఆస్పత్రిలో పక్షవాతం సోకి, రక్త విరేచనాలతో బాధపడే అనాథ బాలుని తన గదిలోనే ఉంచుకుని, రాత్రికి ఆరేడు మార్లు ఎత్తుకుని బయటికి తీసుకుపోయి, గుడ్డలు తానే ఉతికేవారు. కుష్ఠురోగి బాలికను చేరదీశారు. తోటి పరిచారికలు తనను దొరసాని అనరాదని, పేరు పెట్టి నువ్వు అని పిలవాలని, పక్కన కూర్చుని తన పళ్లెంలోనే తినాలని పట్టుబట్టారు. అలా చేస్తే మీకు పుణ్యం, మాకు గర్వం వస్తాయని ఒక పరిచారిక వాపోయింది. వంట మాత్రం ఆమెకు అబ్బలేదు. ధ్యానంలో పడి కూర మాడ్చేవారు.

తన తిండికి తాను సంపాదించాలన్నది ఆమె నియమం. ఆల్టెన్‌బర్గు మఠం నుండి ఉన్ని తెప్పించుకుని కూలికి వడికేవారు. జబ్బుపడినా మంచంపై కదురు వదలలేదు. పరిచారిక కదురు లాక్కుంటే చేతులతో ఉన్ని చిక్కులు తీసేవారు. ఒకమారు ముందుగా కూలి తీసుకున్న ఉన్ని పూర్తిగా వడకకముందే ప్రయాణం తటస్థించగా, మిగిలిన ఉన్నితో పాటు ఒక నాణెం కూడా మఠానికి తిప్పి పంపారు. చేయని పనికి కూలి తనవద్ద ఉండరాదన్నది ఆమె పట్టుదల. తండ్రి పంపిన దూత ఆమెను హంగేరీకి తీసుకుపోవడానికి వచ్చి, రాజపుత్రిక ఉన్ని వడుకుతూ ఉండగా చూసి దిగ్భ్రమతో శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆమె వెళ్లలేదు. ఒకనాడు పరుల తిండిని పరిశీలించిన మనిషి చివరకు చేరినది కదురు దగ్గరికి.

ఈ కథలో రెండు సంగతులు మింగుడుపడవు, వాటిని దాచడమూ తగదు. ఒకటి, కాన్రాడ్ కాఠిన్యం. విధేయత నేర్పే మిషతో ఆమెను కొట్టాడు, కొట్టించాడు. బాల్యం నుండి వెన్నంటి ఉన్న గూడాను, ఇసెంట్రూడు అనే మరో చెలికత్తెను దూరం చేసి, చాడీలు చెప్పే స్త్రీలను కాపలా పెట్టాడు. మతద్రోహ విచారణాధికారిగా ఎందరినో బాధించిన ఇతడు 1233లో హత్యకు గురయ్యాడు. రెండవది, బిడ్డలను విడిచిపెట్టడం. చిన్నకూతురిని రెండేళ్లయినా నిండకుండానే ఆల్టెన్‌బర్గు మఠంలో అప్పగించారు. నాటి రాచకుటుంబాలలో అది వింత కాకపోవచ్చు. అయినా తల్లులైన పాఠకులకు ఈ ఘట్టం బరువుగానే ఉంటుంది. ఆ బిడ్డ గెర్ట్రూడు తర్వాత అదే మఠానికి అధిపతి అయి, ధన్యురాలిగా గౌరవం పొందింది.

1231 నవంబరు 17 వేకువకు ముందు ఎలిజబెతమ్మ తుదిశ్వాస విడిచారు. వయస్సు ఇరవై నాలుగు. మన పల్లెలలో మంగళవారపు నవదిన ప్రార్థనలు అందుకునే పాదువాపురి అంతోనివారు మరణించినదీ అదే ఏడాది జూన్‌లో. మిగిలిన వస్తువులన్నీ పేదలవేనని, తనకు కట్టుకున్న పాత వస్త్రం చాలని చివరి మాటగా చెప్పారు. సమాధికి జనం పోటెత్తారు. నలుగురు పరిచారికలు ప్రమాణపూర్వకంగా ఇచ్చిన వాఙ్మూలాన్ని పరిశీలించి పోపు తొమ్మిదవ గ్రెగొరీ 1235 మే 27న, పెంతెకోస్తు పండుగ రోజున ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. 1236 మే 1న అస్థికలను పైకి తీసినపుడు చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ స్వయంగా హాజరై ఆమె శిరస్సుకు బంగారు కిరీటం సమర్పించాడు. బాల్యంలో శిలువ ముందు తీసి పెట్టినదే మళ్లీ వచ్చి చేరింది.

ఆమె సమాధిపై 1235లో మొదలైన దేవాలయం 1283లో ప్రతిష్ఠితమైంది. అక్కడి నుండి కథ మన గుంటూరు లూథరన్ విశ్వాసులకు సైతం ఆసక్తికరమైన మలుపు తిరుగుతుంది. ఎలిజబెతమ్మ విడిచిపోయిన వార్ట్‌బర్గ్ కోటలోనే 1521-22లో మార్టిన్ లూథర్ తలదాచుకుని కొత్త నిబంధనను జర్మన్ భాషలోకి అనువదించారు. లూథర్ పక్షం వహించిన హెస్ ప్రభువు ఫిలిప్ ఎలిజబెతమ్మ పెద్దకూతురు సోఫియా వంశీయుడే. పునీతుల అస్థికలను పూజించడం తగదని ఆయన 1539లో తన పూర్వీకురాలి అస్థికలను ఆ దేవాలయం నుండి తొలగింపజేశాడు. బంగారు తాపడపు మందసం మాత్రం మార్‌బర్గులో నేటికీ ఉన్నది. దేవాలయం ప్రొటెస్టెంటు సంఘానిది. ఆమె పేరు మాత్రం మారలేదు, అది ఎలిజబెతు దేవాలయమే. కతోలికులు 1969 వరకు ఆమె ఖననం జరిగిన నవంబరు 19న ఉత్సవం జరిపి, ఆ ఏటి పంచాంగ సంస్కరణతో మరణదినమైన 17కు మార్చుకోగా, జర్మనీ ప్రొటెస్టెంటు పంచాంగంలో పాత తేదీ 19 అట్లాగే నిలిచి ఉన్నది.